విలీనమైన కోడ్‌కే మార్కులా, బగ్ రిపోర్టుకు కూడా ఇవ్వాలా?

మూడు లాంతర్లు (విజయనగరం):

మా కళాశాలలో కంప్యూటర్ సైన్సు నాలుగో సంవత్సరం విద్యార్థులకు వచ్చే సెమిస్టరు నుంచి ఒక కొత్త నిబంధన పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. విద్యార్థి ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే కోడ్‌ను అందరూ చూసి మార్చుకునేలా బహిరంగంగా ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు, కోడ్ మార్పు పంపాలి. ఆ ప్రాజెక్టు నిర్వాహకులు దానిని పరిశీలించి, ఆమోదించి, అసలు కోడ్‌లో కలిపితేనే 20 ఇంటర్నల్ మార్కులు వేస్తారు. దోషాన్ని కనిపెట్టి తెలియజేసినవారికి, అంటే బగ్ రిపోర్టు రాసినవారికి, ఏమీ ఉండవు. విభాగం సమావేశంలో దీనిని వ్యతిరేకించినవాణ్ణి నేనొక్కణ్ణే. నా వాదనలో పస ఉందో లేదో మీ అందరినీ అడిగి తేల్చుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

నాకు మార్కుల కంటే ఆ మార్పులను చదవవలసిన మనుషుల గురించే ఎక్కువ బెంగ. చాలా ప్రాజెక్టులను నడిపేవారు జీతం లేకుండా, ఉద్యోగం ముగిశాక రాత్రిపూట కూర్చుని పని చేసేవారు. నాలుగు పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పును కలపమని కోరే వినతులు) పంపితే టీ షర్టు ఇస్తామన్న హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో 2020లో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒక విశేషణం చేర్చడం, ఒక కామా తీసేయడం వంటి మార్పులు వెల్లువెత్తగా, సమ్మతి తెలిపిన ప్రాజెక్టులకే పంపాలని ఆ కార్యక్రమ నిర్వాహకులు అక్టోబరు తొలి రోజుల్లోనే నియమం మార్చుకోవలసి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న జావాస్క్రిప్ట్ ప్రాజెక్టును ఒక వీడియో పాఠంలో నమూనాగా చూపించినందుకు, ఎందరో విద్యార్థులు తమ పేర్లను దాని రీడ్‌మీలో చేర్చమని అడుగుతూ వరస కట్టారు. టీ షర్టుకే అంత జరిగితే, డిగ్రీ పట్టాతో ముడిపడిన మార్కులకు ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పైగా, రిపోర్టు తేలిక పని అన్న భావనే పొరపాటు. అది ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అని వెతకాలి, ఏ వెర్షన్‌లో వస్తోందో చూడాలి, అక్కరలేనివన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ దోషం మాత్రమే మిగిలే చిన్న నమూనా తయారు చేయాలి. ఇవన్నీ చేయగలిగిన విద్యార్థి మా తరగతిలో నలుగురైదుగురి కంటే ఎక్కువ ఉండరు.

నాగావళి (స్వస్థలం ఆమదాలవలస, ఉద్యోగం విశాఖపట్నం):

మాస్టారూ, మీ బెంగ అర్థమైంది గానీ మీ అభిప్రాయంతో ఏకీభవించలేను. నేను ఏటా నలభై, యాభై మందిని ఇంటర్వ్యూ చేస్తాను. మన రెండు జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు పెద్ద ఊళ్ల కళాశాలల పేరు గానీ, సిఫారసు చేసే బంధువులు గానీ ఉండరు. వారి చేతిలో నేను చూడగలిగేది వారు రాసిన కోడే. ముక్కూ మొహం తెలియని నిర్వాహకుడు దానిని ప్రశ్నించి, మార్పించి, చివరికి ఒప్పుకున్నాడంటే ఆ సంభాషణ మొత్తం నా కళ్ల ముందు ఉంటుంది. ఆ కుర్రవాడు విమర్శను ఎలా తీసుకున్నాడో కూడా అందులోనే తెలిసిపోతుంది. రిపోర్టులో నాకు ఆ నమ్మకం కలగదు.

రిపోర్టులైతే నిర్వాహకులకు శ్రమ తగ్గుతుందని మీరు అనుకుంటున్నారేమో, అది కూడా సగం నిజమే. ఇంటర్నెట్ చిరునామాల నుంచి డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రాజెక్టు సంగతి చూడండి. భద్రతా లోపాలు చూపినవారికి నగదు బహుమతి ఇచ్చే పథకాన్ని వారు 2019లో మొదలుపెట్టారు. కృత్రిమ మేధతో అల్లిన బూటకపు రిపోర్టులు వచ్చి పడుతుంటే వేగలేక, 2026 జనవరి ఆఖరుతో ఆ పథకాన్నే ఎత్తేశారు. కోడ్ అయితే పరీక్షలు వాటంతట అవే నడిచి కొంత తాలు ఎగిరిపోతుంది. రిపోర్టులో తాలు ఏదో గింజ ఏదో తేల్చడానికి మనిషే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. రేపు మీ విద్యార్థులు అరవై మంది అటువంటివి పంపితే దానికి మీరేమంటారు?

ఏడు రోడ్ల డీటీపీ (శ్రీకాకుళం):

నాకు కోడ్ రాయడం రాదు. పద్దెనిమిదేళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు, బ్యానర్లు చేసుకుంటున్నవాణ్ణి. అయినా ఈ చర్చలో నాకూ ఒక మాట ఉంది కాబట్టి, కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి.

కిందటి మాఘమాసంలో ఒక శుభలేఖ చేశాను. వరుడి తల్లి పేరు లక్ష్మి. పేర్లన్నీ బోల్డులో పెట్టాను. నాలుగు వందల కార్డులు అచ్చయి వచ్చాక చూస్తే, క్ష కింద ఒదిగి ఉండవలసిన మ వత్తు విడిపోయి పక్కన పూర్తి అక్షరంగా నిలబడింది. తెర మీద చిన్న అక్షరాలలో నా కంటికి ఆనలేదు. కార్డులన్నీ నా ఖర్చుతోనే మళ్లీ వేయించి ఇచ్చాను.

ప్రాజెక్టు రికార్డు ప్రింటు తీయించుకోవడానికి వచ్చిన ఒక విద్యార్థినితో ఈ సంగతి చెప్పి, "తెలుగు సరిగా రావడం లేదు అని ఎవరికి రాయాలమ్మా?" అని అడిగాను. అలా రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదని ఆ అమ్మాయి చెప్పి, గంటన్నర నా కుర్చీలో కూర్చుంది. అదే ఫాంటుతో వేరే ప్రోగ్రాములో టైపు చేసి చూసింది, దోషం అలాగే ఉంది. అదే ప్రోగ్రాములో వేరే ఫాంటు పెట్టింది, దోషం పోయింది. అదే ఫాంటును మామూలు మందంలో పెట్టింది, అక్కడా బాగానే ఉంది. అంటే నేను మూడు వారాలుగా తిట్టుకుంటున్న వర్డ్ ప్రాసెసరు తప్పేమీ లేదు, దోషం ఆ ఫాంటు బోల్డు ఫైలులో ఉంది. వర్డ్ ప్రాసెసరు వాళ్లకు రాసి ఉంటే మా రిపోర్టు ఎక్కడో మూలన పడి ఉండేది.

నేను ముందుగా అచ్చయిన కార్డు ఫొటో తీసి పెడదామన్నాను. అందులో పెళ్లివారి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి కాబట్టి వద్దని, ఒక్క పేరు మాత్రమే ఉన్న ఫైలు చేసింది. మనకు రెండక్షరాలుగా కనిపించే లక్ష్మి అన్న పేరు కంప్యూటరుకు ఏడు సంకేతాలని అప్పుడే నాకు తెలిసింది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ ఏడింటినీ వరసగా రాసి, ఫాంటు వెర్షన్ రాసి, ఎలా రావాలో ఎలా వస్తోందో పక్కపక్కన బొమ్మలు పెట్టింది. నేను తెలుగులో చెప్పినదాన్ని ఆమె ఇంగ్లీషులో రాసింది.

పదకొండు రోజుల తర్వాత ఆ ఫాంటు చేసినాయన, వేరే వత్తులతో కూడా ఇలాగే అవుతోందా అని అడిగారు. దానికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే. తీక్ష్ణం, సూక్ష్మం, లక్ష్మణుడు, రాజయక్ష్మ అంటూ ఇరవై మాటలు రాసి వేసి చూస్తే, ణ వత్తు సక్రమంగానే వస్తోంది, క్ష కింద మ వత్తు ఒక్కటే తప్పుతోంది. బోల్డు ఫైలులోని వత్తుల పట్టికలో ఒక పంక్తి తప్పిపోయిందట. ఆయన ఒక్క పంక్తి చేర్చారు. ఆ అమ్మాయికి గానీ నాకు గానీ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా లేదు. మీ కళాశాల కొత్త లెక్కలో ఆమెకు సున్నా వస్తుంది కదా?

నాగావళి:

అయ్యా, మీ అనుభవం చదివి సంతోషించాను. కానీ అది నా పక్షాన్నే బలపరుస్తోందని మనవి. ఫాంటు మార్చి, ప్రోగ్రాము మార్చి, మందం మార్చి దోషం చోటును ఇరుకున పెట్టడం ప్రోగ్రామింగ్ తెలిసినవారి బుద్ధి. ఆ అమ్మాయి మరో గంట కూర్చుంటే ఆ పంక్తిని తానే చేర్చి పంపగలిగేది. ఎందుకు పంపలేదు? బహుశా పంపవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాస్టారి కళాశాల పెట్టదలచుకున్న నిబంధన ఆ మాట చెబుతోంది.

ఎవరో ఒకరు ఎలాగూ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాధనం) ఉదంతం ఎత్తుతారు కాబట్టి నేనే ఎత్తుతాను. ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడేందుకు అందులో దాచిన దొంగదారి 2024 మార్చి 29న బయటపడింది. దానిని పెట్టినవాడు రెండేళ్లకు పైగా చక్కటి కోడ్ మార్పులు పంపి నమ్మకం సంపాదించినవాడు. దానిని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ కేవలం ఒక రిపోర్టు రాసినవాడు. ఇది రిపోర్టుల గెలుపు అని చాలామంది అంటారు. కానీ ఆ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోడ్ రాసే నిపుణుడు. ఆయన గమనించినట్టు, ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటరులోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమైతే మనలో ఎందరు ఆగి ఎందుకని అడుగుతారు? అడిగినా, దాని వేళ్ల దాకా తవ్వగలరా? ఆయన తవ్వగలిగాడంటే కారణం ఏళ్ల తరబడి కోడ్ రాసి ఉండడమే.

చంపావతి (విజయనగరం, విద్యార్థిని):

నమస్కారం. శ్రీకాకుళంలో గంటన్నర కూర్చున్నది నేనే. నాగావళి గారు అడిగినదానికి జవాబు: ఆ పంక్తి నేను చేర్చగలిగేదాన్ని కాదు. ఫాంటు ఎడిటరు ఎలా ఉంటుందో అప్పటికి నేను చూడలేదు. చూడకుండా తోచింది చేర్చి పంపి ఉంటే, ఫాంటు చేసినాయనకు రెట్టింపు పని పెట్టినదాన్ని అయ్యేదాన్ని.

మరో సంగతి కూడా చెప్పాలి. నిబంధన ఇంకా ఖరారు కాకముందే మా గ్రూపులో ఉపాయాలు తయారయ్యాయి. మా సీనియర్ ఒకాయన తన పేరుతో ఒక ఓపెన్ సోర్స్ రిపోజిటరీ (ప్రాజెక్టు కోడ్ ఉంచే చోటు) తెరిచి, మేమందరం పంపిన మార్పులను తానే ఆమోదిస్తానని మాట ఇచ్చారు. కాగితం మీద అది విలీనమైన కోడే, 20కి 20 వేయక తప్పదు. సర్, ఈ మాట నేను చెప్పానని తరగతిలో అనకండి.

మూడు లాంతర్లు:

చంపావతి చెప్పిన ఉపాయం నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను. దాని గురించి ఇక మాట్లాడను.

నాగావళి గారి మాటలో నన్ను ఆలోచింపజేసినది, విలీనం కావడమే నాణ్యతకు రుజువన్న నమ్మకం. అంతర్జాలంలో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా దోషం కూడా ఒక పరిశోధక విద్యార్థి సదుద్దేశంతో పంపిన మార్పులోనే వచ్చింది. వచ్చిన సమాచారం పొడవు నిజంగా చెప్పినంత ఉందా అని సరిచూసే చిన్న జాగ్రత్త అందులో లోపించింది. దానిని పరిశీలించినవారికీ అది కనిపించలేదు. 2011 డిసెంబరు 31న కోడ్‌లో కలిసి, 2012 మార్చిలో 1.0.1 వెర్షన్‌తో లోకం మీదికి వెళ్లి, 2014 ఏప్రిల్‌లో గానీ బయటపడలేదు. ఆ విద్యార్థిని తప్పుపట్టడానికి నేను ఇది చెప్పడం లేదు. అంతర్జాలంలో అంత భాగం ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు ఆనాడు పూర్తి సమయం పని చేసేవాడు ఒక్కడే ఉండేవాడని గుర్తు చేస్తున్నాను. అటువంటి ఒక్కడి బల్ల మీద మా అరవై మంది మార్కుల కాగితాలు పెట్టడం న్యాయమా?

డీటీపీ గారు ఇరవై మాటలు ఏరి ఇవ్వడం చదివినప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకు వచ్చారు. సవర గిరిజనుల మాట నేర్చుకోవడానికి ఆయన వారి నోటి నుంచే వింటూ రాసుకున్నారు, నిఘంటువు ఆ తర్వాతి సంగతి. భాష తెలిసినవాడు చేయవలసిన పని కోడ్ తెలిసినవాడు చేయలేడు. ఇది కొంచెం పక్కదారి అని తెలుసు, మన ప్రాంతపు వాణ్ణి కనుక ఆపుకోలేకపోయాను.

కర్ల్ ఉదాహరణకు మాత్రం నా దగ్గర ఎదురు జవాబు లేదు, కాబట్టి నా ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. విద్యార్థి తాను కనీసం ఒక సెమిస్టరు నిజంగా వాడిన సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. కోడ్ పంపుతాడా, రిపోర్టు రాస్తాడా అన్నది అతని ఇష్టం, కానీ ఏదైనా ఒక్కటే. అవతలివారి ఆమోదంతో మార్కులకు సంబంధం ఉండకూడదు. బయటికి పంపే ముందే వైవాలో మా ఎదుట ఖాళీ యంత్రం మీద ఆ దోషాన్ని మళ్లీ పుట్టించి చూపాలి. చూపలేనిది బయటికి వెళ్లదు, కృత్రిమ మేధ రాసినదైతే అక్కడే రాలిపోతుంది. పాత వెర్షన్‌లో లేని దోషం కొత్తదానిలో వచ్చిందంటే, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లోని బైసెక్ట్ ఆదేశంతో ఏ మార్పు దగ్గర మొదలైందో పట్టుకోవాలి. వెయ్యి మార్పులున్నా సగానికి సగం కోసుకుంటూ పోతే సుమారు పది పరీక్షలలో దొరుకుతుంది. భద్రతకు సంబంధించిన లోపమైతే బహిరంగంగా పెట్టకుండా, ఆ ప్రాజెక్టు సూచించిన రహస్య మార్గంలోనే తెలపాలి.

నాగావళి:

వైవా షరతు బాగుంది, దానికి ఒప్పుకుంటున్నాను. ఒక్కటి చేర్చండి: రిపోర్టు రాసేవారు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌ను సోర్సు కోడ్ నుంచి తమ యంత్రంలో స్వయంగా బిల్డ్ చేసి (నడిచే ప్రోగ్రాముగా తయారు చేసి) ఉండాలి. బైసెక్ట్ చేయాలంటే ఎలాగూ అది తప్పదు. అది చేసినవాడు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాదైనా కోడ్ పంపుతాడని నా ఆశ. రిపోర్టుకూ కోడ్‌కూ సమానంగా 20 వేయడం మాత్రం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. రిపోర్టుకు 15 చాలు.

మూడు లాంతర్లు:

బిల్డ్ షరతు పెడతాను, కానీ ఫాంట్ల వంటివాటికి మినహాయింపు ఉంటుంది. 15 అంటే చంపావతి ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. బుధవారం సమావేశంలో ఈ మొత్తం చదివి వినిపిస్తాను.

ఏడు రోడ్ల డీటీపీ:

మాస్టారూ, మీ సమావేశం సంగతి ఎలా ఉన్నా, నా దగ్గర మరొకటి ఉంది. ఒక పాత పద్యకావ్యాన్ని మళ్లీ అచ్చు వేయడానికి టైపు చేస్తున్నాను. పాత అచ్చులో పాదాల చివర నకారపొల్లు, అంటే అచ్చు లేని నకారానికి వాడే పాత గుర్తు, ఉంది. అది 2021లో, అక్షరాలకు కంప్యూటరు సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం 14వ వెర్షన్‌లో చేరిందట, కానీ నేను వాడే ఫాంట్లలో దాని చోట ఖాళీ పెట్టె వస్తోంది. ఇది బగ్ కిందికి వస్తుందా, లేని అక్షరాన్ని చేర్చమని కోరడం కిందికి వస్తుందా? నాలుగు ఫాంట్లలో పరీక్షించి వెర్షన్లు రాసి పెట్టాను, వర్డ్ ప్రాసెసరును ఈసారి తిట్టుకోలేదు. అమ్మా చంపావతీ, ఆదివారం మధ్యాహ్నం కొట్టు తెరిచే ఉంటుంది.