మంచి ఫైట్లు ఆగిపోయేది టీవీ ఒప్పందాల వల్లా, బాక్సర్ల బేరాల వల్లా?

ఆదివారం అప్పర్‌కట్:
నిన్న రాత్రి క్రాఫర్డ్–స్పెన్స్ ఫైట్ మళ్లీ పెట్టుకుని చూశాను. 2023 జూలై 29, లాస్ వేగస్. రెండో రౌండులో స్పెన్స్ ఒకసారి పడ్డాడు, ఏడో రౌండులో రెండుసార్లు. తొమ్మిదో రౌండులో రిఫరీ ఆపేశాడు. క్రాఫర్డ్ అద్భుతంగా ఆడాడు, కాదనను. కానీ చూస్తున్నంతసేపూ ఒకటే బాధ: ఇది 2019లోనే జరగాల్సిన ఫైట్. స్పెన్స్‌కి ప్రపంచ ఛాంపియన్ బెల్టు 2017లో వచ్చింది, క్రాఫర్డ్ అదే వెయిట్‌లో ఇంకో బెల్టు 2018 జూన్‌లో కొట్టాడు. ఇద్దరికీ ఓటమి లేదు, ఇద్దరూ అమెరికా వాళ్లే. అయినా ఐదేళ్లు పట్టింది.

ఎందుకంటే క్రాఫర్డ్ ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్ బాబ్ ఆరమ్ కంపెనీ టాప్ ర్యాంక్‌లో, అంటే ఈఎస్‌పీఎన్ ఛానల్‌లో. స్పెన్స్ ఆల్ హేమన్ నడిపే పోటీ సంస్థ పీబీసీలో, అంటే షోటైమ్, ఫాక్స్ ఛానళ్లలో. ఈలోగా 2019 అక్టోబరులో స్పెన్స్ కారు పల్టీ కొట్టి చావు తప్పించుకున్నాడు. 2021లో కంటికి ఆపరేషన్ అయింది. మనకి చూపించింది ఆ తర్వాత మిగిలిన స్పెన్స్‌ని. తప్పు టీవీ ఒప్పందాలదే అంటున్నాను. కాదనేవాళ్లు రండి.

మూడో రౌండ్:
కాదనడానికే వచ్చాను గురూ. మేవెదర్–పాకియావో గుర్తుందా? 2009 చివర్లో మొదటిసారి మాటలు జరిగినప్పుడు ఇద్దరూ హెచ్‌బీఓలోనే ఆడుతున్నారు. ఛానల్ గొడవే లేదు. తెగింది రక్తపరీక్షల దగ్గర. ఫైటుకి ఎన్ని రోజుల ముందు దాకా రక్తం తీయొచ్చు అన్న ఒక్క ముక్క మీద. తర్వాత 2013లో మేవెదర్ షోటైమ్‌తో ఆరు ఫైట్లకు సంతకం పెట్టాడు. చివరికి 2015 మే 2న ఫైట్ కుదిరినప్పుడు ఒకడు షోటైమ్, ఒకడు హెచ్‌బీఓ. ఒకే గూట్లో ఉన్నప్పుడు కుదరనిది వేరుపడ్డాక కుదిరింది. దీనికేమంటారు?

ఇంకోటి. క్రాఫర్డ్ 2021 నవంబరులో పోర్టర్‌ని కొట్టి టాప్ ర్యాంక్ నుంచి బయటికొచ్చేశాడు. కట్టు తెగింది కదా, స్పెన్స్‌తో వెంటనే కుదరాలిగా? 20 నెలలు పట్టింది. మధ్యలో బేరం చెడి ఒమాహా వెళ్లి అవనేస్యాన్‌తో ఆడుకున్నాడు. పెళ్లికొడుకు కట్నం దగ్గర బిగుసుకుంటే పందిరి వేసేవాణ్ణి తిడితే ఎలా?

యాడ్ స్లాట్:
నేను బాక్సింగ్ పండితుణ్ణి కాదు. హైదరాబాదులో ఛానల్ ప్రకటనల అమ్మకాల్లో పన్నెండేళ్లు చేశాను, ఆ కోణంలో ఒక మాట. ఇలాంటి ఒప్పందంలో ఛానల్ ఫలానా ఫైట్ అని కొనదండీ, తేదీలు కొంటుంది. ఏడాదికి ఇన్ని రాత్రులు, దానికి ఇంత డబ్బు. 2018లో టాప్ ర్యాంక్ ఈఎస్‌పీఎన్‌తో ఏడేళ్లకు చేసుకున్నది ఈ బాపతే. సంతకం అయ్యాక ప్రమోటర్‌కి ఉండే టెన్షన్ ఒక్కటే, స్లాట్ నింపడం. బయటి కంపెనీ ఛాంపియన్ని తెస్తే అతనికి వాటా, అతని ప్రమోటర్‌కి వాటా, అవతలి ఛానల్ అభ్యంతరాలు. పైగా తన బాక్సర్ ఓడిపోతే పదేళ్ల పెట్టుబడి గంటలో పోతుంది. ఇంట్లో ఉన్న సరుకుతో నింపేస్తే ఖర్చు తక్కువ, వచ్చే డబ్బు మాత్రం అంతే. మెస్సులో నెల డబ్బు ముందే కట్టేశాక ఆదివారం చికెన్ ఎందుకు పెడతాడు చెప్పండి.

ఫ్యూరీ–వైల్డర్ చూడండి. 2018 డిసెంబరు 1న డ్రా. వెంటనే రీమ్యాచ్ అని లోకమంతా అనుకుంటుంటే 2019 ఫిబ్రవరిలో ఫ్యూరీ ఈఎస్‌పీఎన్ వైపు వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా మనకి దక్కిందేమిటి? ఫ్యూరీకి ష్వార్ట్స్, వాలిన్. వైల్డర్‌కి బ్రీజీల్, మళ్లీ ఓర్టిజ్. రీమ్యాచ్ 2020 ఫిబ్రవరి 22న, ఈఎస్‌పీఎన్, ఫాక్స్ కలిసి అమ్ముకున్నాయి. ఆపలేదు, ఊరబెట్టారు. వాలిన్ ఫైట్‌లో ఫ్యూరీ కంటి మీద చర్మం ఎలా తెగిందో చూశారుగా. డాక్టర్ చెయ్యి ఊపి ఉంటే ఆ రీమ్యాచే ఉండేది కాదు.

డల్లాస్ బావ:
ఊరబెట్టిన పచ్చడికి డబ్బులు కట్టింది నేను, కాబట్టి నన్నూ మాట్లాడనివ్వండి. 2015లో మేవెదర్–పాకియావోకి పే-పర్-వ్యూ (ఆ ఒక్క ఫైట్ చూడ్డానికి విడిగా కట్టే డబ్బు) హెచ్‌డీ రేటు 99.95 డాలర్లు, ట్యాక్స్ అదనం. పదకొండు మంది తెలుగువాళ్లం ఒక అపార్ట్‌మెంటులో చేరి తలా ఇంత వేసుకున్నాం. ఫైట్ ముందు మా కేబుల్ కంపెనీ (పేరెందుకులే) బాక్సు "ఆర్డర్ కుదరలేదు" అని ఒకటే పాట. నలుగురం నాలుగు ఫోన్లలో కస్టమర్ కేర్, వంటింట్లో బిర్యానీ చల్లారిపోతోంది. మా ఒక్కరికే కాదు, దేశమంతా అదే తంతు. దానివల్ల ఫైటే ఆలస్యంగా మొదలైంది.

సరే, బొమ్మ వచ్చింది. చూస్తే రింగులో అనౌన్సర్లు ఇద్దరు, ఆ పక్క మైకేల్ బఫర్, ఈ పక్క జిమ్మీ లెనన్ జూనియర్. కామెంటరీలో హెచ్‌బీఓ లాంప్లీ పక్కన షోటైమ్ బెర్న్‌స్టీన్. వియ్యంకుళ్లిద్దరూ మర్యాద తగ్గకుండా చెరో మైకు పట్టుకున్నట్టుంది. 2002లో మెంఫిస్‌లో లూయిస్–టైసన్‌కీ ఇదే పద్ధతి: లూయిస్ హెచ్‌బీఓ మనిషి, టైసన్ షోటైమ్ మనిషి. అప్పటికి టైసన్ అయిపోయాడు, ఎనిమిదో రౌండులో పడ్డాడు. రెండు ఛానళ్లు రాజీపడ్డాయంటే బాక్సర్లు ముసలాళ్లయ్యారని నాకో లెక్క. 46 లక్షల మంది కొన్నారట 2015 ఫైట్. అందులో మాది ఒకటి. ఇప్పటికీ తిట్టుకుంటాం.

గాజువాక గ్లవ్స్:
కాలేజీ రోజుల్లో వైజాగ్‌లో అమెచ్యూర్ ఆడినవాణ్ణి. అక్కడ ప్రమోటర్ లేడు, ఛానల్ లేదు, డ్రా తీస్తారు అంతే. అది బాగుందా అంటే మన నిజామాబాద్ నిఖత్‌ని అడగండి. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. పారిస్ ఒలింపిక్స్‌కి సీడింగ్ (బలమైనవాళ్లు ముందే ఒకరికొకరు తగలకుండా ఇచ్చే వరస) లేకుండా వెళ్లింది, రెండో బౌట్‌కే టాప్ సీడ్ చైనా అమ్మాయి వూ యూ తగిలింది. 0-5తో ఓడింది. ఆ వూ యూనే తర్వాత స్వర్ణం పట్టుకెళ్లింది. పతకం కోసం జరగాల్సిన బౌట్ ఏ రెండో రౌండులోనో అయిపోయింది. ఛానల్ లేనంత మాత్రాన న్యాయం జరుగుతుందని అనుకోకండి అన్నలూ.

మూడో రౌండ్:
ప్రొఫెషనల్‌లోనూ ఛానల్‌ని దాటే దారి ఉంది, పర్సు బిడ్. బెల్టులిచ్చే సంస్థ ఆదేశిస్తుంది, కవర్లు తెరుస్తారు, ఎక్కువ పాడినవాడికి ఫైట్. 2021లో టియోఫిమో లోపెజ్–కంబోసోస్ అలాగే వేలానికి వచ్చింది. లోపెజ్ టాప్ ర్యాంక్ బాక్సర్. టాప్ ర్యాంక్ పాడింది 23.15 లక్షల డాలర్లు, పోటీ కంపెనీల్లో మ్యాచ్‌రూమ్ 35.06 లక్షలు, ట్రిల్లర్ 60.18 లక్షలు. ఈఎస్‌పీఎన్ కుర్రాడు ఈఎస్‌పీఎన్ నుంచి జారిపోయాడు. ఛానళ్ల మధ్య గోడ ఏది మరి?

యాడ్ స్లాట్:
మీ ఉదాహరణే నా వాదన అండీ. లోమచెంకోని ఓడించి ఏడాది కూడా కాని కుర్రాడికి సొంత ప్రమోటర్ అంత తక్కువ పాడిందంటే, ఎక్కువ పాడినా ఛానల్ నుంచి అదనంగా పెద్దగా రాదని లెక్క వేసుకున్నట్టే నాకు తోస్తుంది. ఇక ట్రిల్లర్ తేదీలు మార్చి మార్చి చేతులెత్తేసింది. ఫైట్ చివరికి నవంబరులో డాజోన్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో వచ్చింది, లోపెజ్ ఓడాడు. పైగా పర్సు బిడ్ తప్పనిసరి ఛాలెంజర్ (ఛాంపియన్ తప్పక ఆడాల్సినవాడు) ఉన్నచోట బాగా నడుస్తుంది. వేర్వేరు సంస్థల బెల్టులున్న క్రాఫర్డ్, స్పెన్స్‌ని కలిపి నిలబెట్టడం ఒక సంస్థ చేతిలో పని కాదు.

ఆదివారం అప్పర్‌కట్:
స్టీవెన్సన్–కోవలెవ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇద్దరూ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్లు. 2014లో స్టీవెన్సన్ హేమన్ దగ్గర చేరి షోటైమ్‌కి మారాడు, కోవలెవ్ హెచ్‌బీఓలో ఉండిపోయాడు. ఆ ఫైట్ ఇక జరగనే లేదు. ఊరబెట్టడం కూడా కాదు, పారబోశారు.

మూడో రౌండ్:
అది ఒప్పుకుంటా. కానీ ఛానల్ మారింది స్టీవెన్సనే కదా, ఎవరూ మెడ పట్టి తోయలేదు. కోవలెవ్ ఎదురుగా ఉన్నప్పుడే మారాడు. గోడ కట్టింది ఛానలే, ఒప్పుకున్నా. దాని వెనక్కి వెళ్లి కూర్చుంది మాత్రం బాక్సరు.

ఆదివారం అప్పర్‌కట్:
కూర్చోవడానికి గోడ ఉండబట్టేగా! అదే వెయిట్‌లో పదేళ్ల తర్వాత చూడు. బెటర్‌బియెవ్ టాప్ ర్యాంక్, బివోల్ మ్యాచ్‌రూమ్. సౌదీ వాళ్లు ఇద్దరి ముందూ డబ్బు కుమ్మరించారు, 2024 అక్టోబరు 12న రియాద్‌లో నాలుగు బెల్టులకీ ఆడారు. అప్పటికి బెటర్‌బియెవ్‌కి 39 ఏళ్లు.

డల్లాస్ బావ:
పోయినేడాది సెప్టెంబరులో... కాదు, తేదీతోనే చెప్తా, 2025 సెప్టెంబరు 13న కనెలో–క్రాఫర్డ్ నెట్‌ఫ్లిక్స్‌లో చూశాను. మామూలు చందా తప్ప పైసా అదనం లేదు. ఇంట్లో అమ్మ సీరియల్ చూసే అకౌంటులోనే. హెచ్‌బీఓ 2018లో బాక్సింగ్ మానేసింది, షోటైమ్ 2023లో మానేసింది, టాప్ ర్యాంక్–ఈఎస్‌పీఎన్ ఒప్పందం 2025లో ముగిసింది. గోడలన్నీ పడ్డాయి, పండగ చేసుకోండి.

యాడ్ స్లాట్:
బావగారూ, ఆ పండగ దగ్గరే నాకు అనుమానం. తేదీలు కొనేవాడు పోయి ఫైట్లు కొనేవాడు వచ్చాడు, బాగుంది. కానీ కనెలోని కొట్టిన ఈ క్రాఫర్డ్ పెద్ద పేరయ్యింది ఎక్కడ? 2014 జూన్‌లో సొంతూరు ఒమాహాలో గాంబోవాతో, హెచ్‌బీఓ మామూలు శనివారం రాత్రి ఒకటి. పే-పర్-వ్యూ కాదు, స్లాట్ నింపడానికి వేసిన కార్డు. నేను ఇందాక తిట్టిన మెస్సు భోజనమే. ఆ రాత్రులు లేకపోతే రేపు నెట్‌ఫ్లిక్స్ కొనడానికి పేరున్నవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

గాజువాక గ్లవ్స్:
మా దగ్గర ప్రాక్టీసు చేసే ఒక కుర్రాడు ప్రో అవుతానంటున్నాడు. నాలుగు రౌండ్ల ఫైట్ దొరకడమే గగనంగా ఉంది. ఛానల్ అతన్ని ఎవరితో ఆడనివ్వదో అన్న బాధ అతనికి ఇంకా రాలేదు. ఆ బాధ వచ్చే స్థాయికి వెళ్తే చాలు అంటాడు.

మూడో రౌండ్:
యాడ్ స్లాట్ గారూ, ఆ ఒమాహా ఫైట్ నేను చూడలేదు, ఇప్పుడే పెట్టుకున్నా. మొదటి నాలుగు రౌండ్లు గాంబోవాదే పైచేయిలా ఉందే?

ఆదివారం అప్పర్‌కట్:
క్రాఫర్డ్ ఎడమచేతి వాటానికి మారాడా ఇంకా? మారాక చూడు.

మూడో రౌండ్:
మారాడు. ఐదో రౌండు. గాంబోవా పడ్డాడు. ఆగండి, తర్వాత వస్తా.