విఫ్రేదో లామ్ బొమ్మలు పికాసోకి కాపీయేనా?

రంగులడబ్బా:
న్యూయార్క్ మోమాలో (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) ఉన్న 'ది జంగిల్' ఫొటో చూశాను. గడల్లాంటి కాళ్లు, నెలవంక ముఖాలు, ఏది మనిషో ఏది మొక్కో తెలియట్లేదు. వేసింది క్యూబా ఆయన, విఫ్రేదో లామ్. మా ఫ్రెండ్ పికాసో కాపీ అని తీసిపారేశాడు. నిజమేనా? శిల్పాలు కూడా చేశాడా?

పాతగోడ:
కాపీ అనడం అన్యాయమండీ. 1938లో పారిస్ చేరాక పికాసో చేరదీసిన మాట నిజమే. కానీ లామ్ 1902లో పుట్టిన క్యూబా ఊరు సాగ్వా లా గ్రాండే చుట్టూ అంతా చెరకు తోటలే, నాన్న చైనా నుంచి వలస వచ్చినవాడు, అమ్మ వైపు ఆఫ్రికా రక్తం, స్పెయిన్ రక్తం రెండూ ఉన్నాయి, పైగా గాడ్‌మదర్ మాంతోనికా విల్సన్ సాంతెరియా అనే ఆఫ్రికా మూలాలున్న క్యూబా మతంలో పూజారిణి. లామ్ దీక్ష తీసుకోలేదు గానీ, పికాసో ఏదో మ్యూజియానికి వెళ్లి చూసిన ఆఫ్రికా ఈయనకి చిన్నప్పటి నుంచీ ఇంటి మనిషే. ఇంకోటి, ఆ బొమ్మలో ఉన్నది చెరకు. చెరకు అడవిలో పెరగదు కదా! బానిసలతో పండించిన పంట అది. కుడివైపు పైన కత్తెర పట్టుకున్న చెయ్యి చూశారా? 1945లోనే కొన్న మోమా దాన్ని చాలాకాలం వచ్చినవాళ్లు చలికోట్లు విప్పి పెట్టుకునే గది పక్కన వేలాడదీసింది, 1988లో జాన్ యౌ అనే విమర్శకుడు ఇది చిన్నచూపేనని గట్టిగానే రాశాడు.

తీరం:
చాలా దేశాలు తిరిగాడని గొప్పగా రాస్తారు గానీ అందులో సగం ప్రాణాలు దక్కించుకోవడానికి పడ్డ పాట్లే. 1923లో చదువుకని స్పెయిన్ వెళ్లాడు, 1931లో భార్యా పసిబిడ్డా క్షయతో పోయారు, తర్వాత అంతర్యుద్ధంలో రిపబ్లిక్ వైపు నిలబడ్డాడు. పారిస్‌కి జర్మన్లు వస్తుంటే దక్షిణ ఫ్రాన్స్ రేవు మార్సెయ్‌కి పరుగు, అక్కణ్ణుంచి 1941లో సర్రియలిస్టు కవి ఆంద్రే బ్రెతాన్, మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ ఉన్న ఓడలోనే కరీబియన్ దీవి మార్టినీక్. అక్కడ కవి ఎమే సెజేర్ పరిచయమయ్యాడు. హవానా చేరేసరికి దాదాపు 18 ఏళ్లు గడిచాయి. 'ది జంగిల్' వేసింది ఆ తర్వాతే, 1942-43లో.

రంగులడబ్బా:
కత్తెర నిజంగా గమనించలేదండీ. మరి శిల్పాల సంగతి?

పాతగోడ:
ఇటలీలో అల్బిసోలా అనే ఊళ్లో డెన్మార్క్ చిత్రకారుడు ఆస్గర్ యోర్న్ స్నేహంతో మట్టి పని మొదలుపెట్టాడు, సిరామిక్స్ బాగా చేశాడు, కంచు బొమ్మలూ ఉన్నాయి. నా మటుకు నాకు పెయింటింగులే ఇష్టం. శిల్పమే కావాలంటే మాతాన్సాస్‌లో పుట్టి 1955లో పారిస్ వెళ్లిన అగుస్తీన్ కార్దెనాస్ చెక్క పనులు వెతకండి, ఆయనా క్యూబా వాడే.