ఆరాధన జరిగేటప్పుడు పిల్లలు ఎక్కడుండాలి? మన పక్కనా, కింద సెల్లార్‌లోనా?

మారతహళ్ళి_నాన్న
అందరికీ వందనాలు. మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అద్దె హాల్లో నడిచే తెలుగు సంఘం. ఆరాధన మొదలుకాకముందే వాలంటీర్లు గుమ్మం దగ్గర నిలబడి, పన్నెండేళ్ళలోపు పిల్లలందర్నీ సండే స్కూలుకని సెల్లార్‌లోకి పంపించేస్తారు. పాటలు, వాక్యం, కానుకలు, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) అన్నీ అయ్యాక చెప్పులు విడిచినచోట పిల్లల్ని మళ్ళీ కలుసుకుంటాం. మావాడికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న సంఘంలో మోకరించి ప్రార్థన చేయడం వాడు ఇంతవరకూ చూడలేదు.

పోయిన నెల వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఒక పెద్దాయన వచ్చి "బ్రదర్, డిస్టర్బెన్స్ అవుతుంది, కిందకి పంపండి" అన్నారు. మార్కు 10లో శిష్యులు చేసిందీ ఇదేగా? పిల్లల్ని తెచ్చినవాళ్ళను గద్దించారు. యేసు వాళ్ళమీద కోపపడి "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి" అన్నాడు. మీ సంఘాల్లో ఎలా ఉంది? అసలు ఏది సరైన పద్ధతి?

కెఆర్‌పురం_టీచరక్క
బ్రదర్, ఆ వచనం పట్టుకుని సండే స్కూలు టీచర్లను శిష్యుల లెక్కలో కట్టేశారు! కాస్త కిందకి కూడా చదవండి. యేసు ఆ పిల్లల్ని ఎత్తి కౌగిలించుకుని, చేతులుంచి ఆశీర్వదించాడు. గంటంపావు ప్రసంగం వినమని కూర్చోబెట్టలేదు. పైన కూర్చున్న పిల్లలకి జరిగేది నేను చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలు బుద్ధిగా ఉంటారు, తర్వాత అమ్మ తొడమీద గిల్లుతుంది, ఆ తర్వాత సౌండ్ తీసేసి ఫోన్ చేతిలో పెడుతుంది. దాన్ని ఆరాధన అందామా?

నెహెమ్యా 8లో ఎజ్రా ధర్మశాస్త్రం చదివింది పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగినవాళ్ళ ముందు. గ్రహించడం ముఖ్యం. మన పిల్లలు స్కూల్లో ఇంగ్లీషు, కన్నడ చదువుతారు. మన తెలుగు బైబిలు భాష వాళ్ళకి ఎక్కడ అర్థమవుతుంది? మొన్న, రాత్రి దేవుడు పిలిస్తే యాజకుడు ఏలీ పిలిచాడనుకున్న బాలుడు సమూయేలు కథ చెప్తూ ఒక బాబుని చాపమీద పడుకోబెట్టి, బయటినుంచి పేరు పెట్టి పిలిచాను. ప్రతిసారీ లేచి, ఏలీగా కూర్చున్న ఇంకో పిల్లాడి దగ్గరికి పరుగెత్తాడు. అంతా అయ్యాక ఒక పాప అడిగింది: "ఆంటీ, దేవుడు ఏలీ తాతని ఎందుకు పిలవలేదు?" ఈ ప్రశ్న మీ హాల్లో ఏ పెద్దమనిషికైనా వచ్చిందా?

పాతకాపు_వైట్‌ఫీల్డ్
అమ్మా, ప్రశ్న బంగారంలా ఉంది. కానీ ఆ పాప దాన్ని వాళ్ళ నాన్న ముందు అడిగుంటే ఇంకా బాగుండేది.

నేను సువార్తికుడు భక్తసింగ్ గారి సహవాసాల్లో పెరిగినవాణ్ణి. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే మందిరంతో మొదలైన సంఘాలవి. చాపలమీద ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. పిల్లలు వాళ్ళ ఒళ్ళో నిద్రపోయేవారు, లేచేవారు, మళ్ళీ పాట అందుకునేవారు. చివర్లో ప్రేమవిందు. మాకెవరూ విడిగా పాఠం చెప్పి ఆరాధన నేర్పలేదు, పెద్దవాళ్ళను చూసే వచ్చింది. నిద్రపోతే ఏమవుతుందంటారా? పౌలు ప్రసంగం సాగి సాగి, కునుకు పట్టి మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డ ఐతుకు అనే కుర్రాడు మనకి తెలుసు. పౌలు కిందకి దిగి కౌగిలించుకున్నాడు గానీ, కుర్రాళ్ళు ఇకనుంచి రావద్దని చెప్పలేదు.

అసలు మాట ఇది. నిర్గమకాండం 12లో మోషే పస్కా గురించి, అంటే ఐగుప్తునుంచి విడుదలైన రాత్రిని తలుచుకునే పండుగ గురించి చెప్తూ, "ఈ ఆచారమేమిటి" అని మీ పిల్లలు అడిగినప్పుడు ఇలా చెప్పండి అంటాడు. యెహోషువ 4లో యొర్దాను నది దాటిన గుర్తుకి నిలబెట్టిన రాళ్ళ సంగతీ అంతే. పిల్లాడు చూస్తాడు, అడుగుతాడు, నాన్న చెప్తాడు. రొట్టె విరిచే వేళకి వాణ్ణి సెల్లార్‌లో పెట్టాక ఇంకేం చూసి అడుగుతాడు?

ఆర్సీ_తమ్ముడు
కతోలికుల సంగతి కూడా వినండి. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, సత్యోపదేశం (మతబోధ) క్లాసు పూజ అయ్యాకే. పూజకి మాత్రం పిల్లలు అమ్మానాన్నలతోనే కూర్చోవాలి. మంచిచెడ్డలు తెలిసే వయసు, అంటే ఇంచుమించు ఏడేళ్ళు వస్తే దివ్యసత్ప్రసాదం (మీ ప్రభు బల్లలాంటిది) ఇవ్వొచ్చని 1910లోనే పదవ పయస్ పోపుగారు తేల్చేశారు. మీరేమో పదేళ్ళవాణ్ణి చూడనివ్వడానికే కమిటీ వేసేలా ఉన్నారు.

పాతకాపు_వైట్‌ఫీల్డ్
తమ్ముడూ, చూడటం వేరు, తీసుకోవడం వేరు. బాప్తిస్మం లేకుండా బల్ల ఇవ్వడానికి మేం ఒప్పుకోం. ఆ పోరు ఇంకో థ్రెడ్‌లో పెట్టుకుందాం.

వర్తూరు_షెడ్డు_పాస్టర్
ఈ సమస్య సెల్లార్ ఉన్నవాళ్ళది, అయ్యా. మా సంఘంలో అందరూ అనంతపురం, కర్నూలు వైపునుంచి మేస్త్రీ పనికి వచ్చినవాళ్ళు. ఉన్నది రేకుల షెడ్డు ఒక్కటే. పిల్లల్ని ఎక్కడికి పంపాలి? చంటిపిల్ల ఏడిస్తే గొంతు పెంచుతాను, మరీ ఏడిస్తే పాట ఎత్తుకుంటాం. ఇక్కడ సగంమంది పిల్లలకి బడే సరిగా లేదు. ఒక సైటు అయిపోతే ఇంకో సైటు, బడి మధ్యలోనే ఆగిపోతుంది. నాకు కావలసింది రాబర్ట్ రైక్స్ నడిపినలాంటి సండే స్కూలు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో, వారమంతా పనికిపోయే పేదపిల్లలకి ఆదివారం అక్షరాలు నేర్పడానికి పెట్టాడు. చదువు చెప్పి, వాళ్ళని గుడికీ తీసుకెళ్ళేవారు. పెద్దలకి ప్రశాంతత కోసం పెట్టింది కాదది. టీచరక్కలాంటివాళ్ళు నెలకొక్క ఆదివారం మధ్యాహ్నం ఇటువైపు వస్తే బలపాలు నేను కొంటాను.

హెచ్ఆర్_అమ్మ
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. సెల్లార్‌లో పిల్లలతో ఎంతమంది పెద్దవాళ్ళుంటారు? ఒక్కరే ఉండి తలుపు వేసుంటే నా కూతుర్ని పంపను, అది ఎంత భక్తిపరులైనా సరే. ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచుండాలి, బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారో ముందే తెలియాలి. పిల్లలపై లైంగిక నేరాలను ఆపే 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన నేరాన్ని పోలీసులకి చెప్పకుండా దాచడం కూడా నేరమే. "సంఘం పరువు" అని సర్దేసే కమిటీలు ఇది గుర్తుపెట్టుకోవాలి. చిన్నవాళ్ళను అభ్యంతరపరచినవాడి మెడకి తిరుగటిరాయి కట్టాలన్న యేసు మాటని ప్రసంగాల్లో వింటాం, వాలంటీర్ల లిస్టు వేసేటప్పుడు మర్చిపోతాం.

కెఆర్‌పురం_టీచరక్క
అమ్మగారి మాటకి వంద మార్కులు. మా దగ్గర ఇద్దరం ఉంటాం, కానీ అది రూల్ అని కాదు, ఒక్కదానివల్ల కాదు కనుక. ఇకనుంచి రూల్ అనే రాయిస్తాను.

పాస్టరు గారూ, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి. మాట్లాడదాం.

పాతకాపు అంకుల్, పస్కా మాట మాత్రం నన్ను వదలట్లేదు. పిల్లల సంగతి అటుంచండి. బల్ల ఉన్న ఆదివారం కింద ఉండే టీచర్లం కూడా బల్ల తీసుకోం. అందరూ వెళ్ళిపోయాక అయ్యగారు పిలిచి ఇస్తే తీసుకుంటాం, మర్చిపోతే లేదు. ఇన్నాళ్ళూ దీని గురించి అడిగినవాళ్ళు లేరు. కాబట్టి మారతహళ్ళి బ్రదర్, నెలలో మొదటి ఆదివారం సెల్లార్‌కి తాళం వేయించండి. మా సంఘంలో నేనూ అదే అడుగుతాను. మిగతా ఆదివారాలు నా పిల్లల్ని నాకు వదిలేయండి. ఆ పెద్దాయనకి డిస్టర్బెన్స్ అయితే నా చాప ఖాళీగానే ఉంటుంది, కిందకి పంపండి.

మారతహళ్ళి_నాన్న
హహ, ఆ చివరి వాక్యం తీసేసి మిగతాది కమిటీ వాట్సాప్‌లో పెట్టాను. అప్పుడే ఒక జవాబు వచ్చింది: "మరి మూడేళ్ళలోపు వాళ్ళని ఎవరు చూస్తారు?" దీనికి ఎవరి దగ్గరైనా నడిచిన పద్ధతి ఉంటే చెప్పండి. మా అమ్మ అయితే "నాకు ఇవ్వండిరా" అంటోంది గానీ, ఆమె ఒక్కర్తే ఎంతమందిని ఎత్తుకుంటుంది?