ట్యాంకులో నత్త గుడ్లు: గీకేయాలా, వదిలేయాలా?

గుంటూరు_గప్పీ:
రెండడుగుల చేపల ట్యాంకు. గప్పీలు, కొన్ని చెర్రీ రొయ్యలు ఉన్నాయి. పోయిన నెల షాపులో మొక్కలు కొని పెట్టాను. ఇప్పుడు అద్దం మీద, ఆకుల అడుగున జిగురు ముద్దలు కనబడుతున్నాయి. టార్చి వేసి చూస్తే లోపల చుక్కలు మెల్లగా కదులుతున్నాయి. నత్త గుడ్లంటున్నాడు మా తమ్ముడు. ఏం చేయమంటారు? టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_ఆక్వా:
ఆలోచించే పనే లేదు, గీకేయండి. పాత ఏటీఎం కార్డు చాలు. గీకుతూనే పైపుతో లాగేయాలి. లేకపోతే ముద్ద ఊడి కంకరలో పడి అక్కడే పొదుగుతుంది. ఒక్కో ముద్దలో ముప్పై నలభై గుడ్లు కూడా ఉండొచ్చు. చుక్కలు కదులుతున్నాయంటే పిల్లలు బయటికి రావడానికి ఎంతో టైం లేదు. పైగా వీటికి జత కూడా అక్కర్లేదు, ఒంటరి నత్తే గుడ్లు పెట్టేయగలదు.

కాకినాడ_మీనా:
ఎన్నాళ్ళని గీకుతారన్నా? మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు దొరికినంత కాలం అవి పెరుగుతూనే ఉంటాయి. చేపలు రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి, వారానికో రోజు పస్తు పెట్టండి. తిండి తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. మిగిలిన నాలుగు నత్తలూ నాచు తింటూ బతుకుతాయి, వాటితో మీకేం నష్టం?

భాగ్యనగర్_బెట్టా:
దీనికింత రామాయణమా? షాపులో నత్తల మందు అడగండి. నాలుగు చుక్కలు వేస్తే ఫినిష్.

కాకినాడ_మీనా:
రొయ్యలున్నాయని పైన రాశారు, చదివారా? అలాంటి మందులు చాలావాటిలో రాగి ఉంటుంది. ముందు పోయేవి రొయ్యలే. నత్తలన్నీ ఒకేసారి చచ్చి కుళ్ళితే అమ్మోనియా పెరిగి గప్పీల మీదికొస్తుంది.

ఓరుగల్లు_ఆక్వా:
మందు వద్దనడం వరకు మీ మాటే నా మాట. కానీ వదిలేయమంటే ఒప్పుకోను. ట్యాంకు పెట్టుకున్నది చేపల్ని చూడ్డానికండీ, అద్దం నిండా పాకే నత్తల్ని చూడ్డానికి కాదు.

తెనాలి_మాస్టారు:
అవి ఏ నత్తవో తేల్చకుండానే కొట్టుకుంటున్నారు. నీళ్ళలోపల జిగురు ముద్దంటే మామూలుగా బ్లాడర్ నత్తో, రామ్స్‌హార్నో. నువ్వుగింజల్లా తెల్లగా, గట్టిగా అతుక్కుంటే నెరైట్ గుడ్లు. చూడ్డానికి చిరాకే గానీ మంచినీళ్ళలో వాటి పిల్లలు బతకవు. నీటిమట్టానికి పైన గులాబీ రంగు గుత్తి కనిపిస్తే ఆపిల్ నత్తది, చేత్తో ఊడదీయొచ్చు. ట్రంపెట్ నత్త అసలు గుడ్లే పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. దాని దగ్గర ఏ కార్డూ పనిచేయదు. ఇకమీదట కొత్త మొక్క తెస్తే పటిక నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి పెట్టండి. గీకినవాటిని మాత్రం కాలవలోనో చెరువులోనో పారబోయకండి.

గుంటూరు_గప్పీ:
నీళ్ళలోపలే ఉన్నాయి మాస్టారూ, జిగురే. అద్దం మీదవి గీకేస్తాను, ఆకుల మీదవి ఉంచుతాను. మేత తగ్గించడమే కష్టం. వేసేది మా అమ్మ. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిస్తే పాపం ఆకలేమో అని మళ్ళీ వేస్తుంది.

కాకినాడ_మీనా:
డబ్బా దాచేసి, రోజుకు సరిపడా చిన్న సీసాలో పోసి అమ్మగారికివ్వండి.

ఓరుగల్లు_ఆక్వా:
అమ్మకి దొరక్కుండా డబ్బా దాచడమా! మీరు కార్డే దగ్గర పెట్టుకోండి బ్రదర్.