వెనిస్ ఆర్సెనల్ గేటు సింహాన్ని గ్రీస్‌కి తిరిగి ఇచ్చేయాలా?

రాళ్లపిచ్చోడు: వెనిస్ తన యుద్ధనౌకలు కట్టుకున్న ఆర్సెనల్‌కి పెద్ద గేటు 1460 ప్రాంతంలో లేచింది. దాని ముందు ఎడమపక్కన కూర్చున్న పాలరాతి సింహం మాత్రం ఏథెన్స్ రేవు పిరేయస్‌ది. 1687లో వెనిస్ సేనాని ఫ్రాంచెస్కో మొరొసీని ఏథెన్స్ మీద దండెత్తినప్పుడు, తుర్కులు అక్కడి పాతకాలపు గుడి పార్థెనాన్‌లో దాచిన మందుగుండు మీద వీళ్ల గుండు పడి గుడి పేలిపోయింది. పోతూ పోతూ ఈ సింహాన్ని ఎత్తుకొచ్చారు. నన్నడిగితే ఇచ్చేయాల్సిందే.

విశాఖ తీరం: అన్నా, ఆ గేటంటేనే గెలుపుల చిట్టా. 1571లో తుర్కుల మీద లెపాంటో యుద్ధం సెయింట్ జస్టీనా పండుగ రోజున గెలిచారని ఆవిడ విగ్రహాన్ని పైన నిలబెట్టారు, తర్వాత కింద సింహాలొచ్చాయి. ఒక్కోటీ పీక్కుంటూ పోతే ఇక గేట్లో చూడ్డానికేముంటుంది?

రాళ్లపిచ్చోడు: సింహం రాకముందు రెండొందల ఏళ్లు గేటు బాగానే ఉంది కదా తమ్ముడూ. వెనిస్‌లోనే సెయింట్ మార్క్ చర్చి గుర్రాల విగ్రహాల సంగతి చూడు. నెపోలియన్ 1797లో పారిస్‌కి పట్టుకుపోతే 1815లో వెనక్కి తెచ్చుకున్నారు, అవేమో 1204లో వీళ్లే కాన్‌స్టాంటినోపుల్‌లో దోచుకున్నవి! తమది పోతే దొంగతనం, ఊళ్లవాళ్లది తెస్తే విజయచిహ్నమా?

పాతలిపి: ఎవరిదన్న గొడవ తర్వాత, ముందు దాన్ని వానలోంచి తీయండి బాబూ. భుజాల మీద పాములా మెలికలు తిరిగిన పట్టీలో రూన్ అక్షరాలున్నాయి, 11వ శతాబ్దంలో స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లు చెక్కినవి. ఎంత అరిగిపోయాయంటే, తెలియనివాళ్లు రాతి పగుళ్లనుకుంటారు. గ్రీకు సింహం, ఉత్తరాది రాత, ఇటలీ గేటు. ముగ్గురికీ వాటా ఉంది కాబట్టే ఎవరికీ పట్టడం లేదేమో అనిపిస్తుంది నాకు.

కృష్ణ ఒడ్డు: అమరావతి స్తూపం శిల్పాలు 1859లో లండన్ వెళ్లాయి, అవి మనకివ్వాలని అడుగుతూ ఇక్కడ వేరే రూలు ఎలా మాట్లాడతాం?

విశాఖ తీరం: అవి మ్యూజియం గదిలో ఉన్నాయి, తీస్తే గోడ ఖాళీ అవుతుంది అంతే. ఇది మూడొందల ముప్ఫై ఏళ్లుగా గేటులో భాగం. పైగా పిరేయస్‌లో నకలు పెట్టుకున్నారు కదా, చాలదా?

రాళ్లపిచ్చోడు: చాలితే ఆ నకలు మీ గేటు ముందు పెట్టుకోండి, అసలుది వాళ్లకి పంపండి. ఒప్పుకుంటావా?