పీట్ నేలలో నీటి మట్టం పడిపోతే స్ఫాగ్నమ్ నాచు ఏమవుతుంది? చూసినవాళ్లు చెప్పండి

రవి_ఆఫలీ (ఐర్లాండ్):
అందరికీ నమస్కారం. క్లారా బాగ్ (నీళ్లు నిలిచి, సరిగా కుళ్లని నాచు పొరలు పొరలుగా పేరుకున్న పీట్ చిత్తడి నేల) మా ఇంటికి దగ్గరే. చెక్క బాట మీద నడుస్తుంటే రెండు వైపులా నాచే. చాలా వారాలుగా ఇక్కడ సరైన వాన లేదు. గుంటల్లోని పచ్చ నాచు తెల్లగా పాలిపోయింది, ముట్టుకుంటే పొడిపొడిగా విరుగుతోంది. దాని పక్కనే మూరెడు ఎత్తు దిబ్బ మీదున్న ఎర్ర నాచును వేలితో నొక్కితే మాత్రం ఇంకా చెమ్మ తగులుతోంది. నీటికి దగ్గరున్నది ఎండిపోయి, పైనున్నది తడిగా ఉండటం ఏమిటి?

శ్రీలత_ఇన్వర్నెస్ (స్కాట్లాండ్):
రవి గారూ, చాలా మంచి ప్రశ్న. నా పని కూడా ఈ నేలల మీదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

స్ఫాగ్నమ్‌కు వేళ్లు ఉండవు. మామూలు మొక్కల్లా ఆకు రంధ్రాలు మూసుకుని నీరు కాపాడుకునే వీలూ లేదు. దాని ఆకును మైక్రోస్కోపులో చూస్తే సన్నటి పచ్చ కణాల మధ్య పెద్ద పెద్ద బోలు కణాలు కనిపిస్తాయి. ఆ బోలువి చనిపోయిన కణాలు, గోడలకు చిల్లులుంటాయి. నీళ్లన్నీ నిలిచేది వాటిలోనూ, కొమ్మల సందుల్లోనూ. నాచు పొడి బరువుకు సుమారు 20 రెట్ల నీరు పడుతుంది. అవి ఖాళీ అయి గాలి చేరితే మీరు చూసిన తెలుపు వస్తుంది.

ఇక దిబ్బ సంగతి. ఫస్కం, కాపిల్లిఫోలియం లాంటి జాతులు సందు లేకుండా ఒత్తుగా పెరుగుతాయి. కాండాన్ని అంటిపెట్టుకుని కిందికి వేలాడే కొమ్మల మధ్య నుంచి నీరు, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు, పైదాకా ఎక్కుతుంది. గుంటల్లో ఉండే కస్పిడేటం వదులుగా, నీళ్లలో తేలుతూ పెరిగే రకం. మట్టం దిగిందంటే కింది నీటితో దానికి లంకె తెగిపోతుంది. తడి ఉన్నన్నాళ్లు మాత్రం పెరుగుదలలో సాధారణంగా దానిదే పైచేయి.

రవి_ఆఫలీ:
అయితే తెల్లబడింది చచ్చినట్టేనా అక్కా? వాన పడ్డాక మళ్లీ ఉబ్బితే బతికినట్టు అనుకోవచ్చా?

కడియం_నర్సరీ:
తమ్ముడూ, ఉబ్బినంత మాత్రాన బతికినట్టు కాదు. మేం జామకి గాలి అంట్లు కట్టేటప్పుడు ఈ నాచే వాడతాం. బస్తాలో ఎండిపోయి వస్తుంది. నీళ్లలో వేస్తే కాసేపట్లో మెత్తబడి ఉబ్బుతుంది, పిండితే ధార కారుతుంది. కానీ అది ఎప్పుడో చచ్చిన నాచు. శ్రీలత గారు చెప్పిన బోలు కణాలు ఎలాగూ చచ్చినవే కదా, నీళ్లు పట్టడానికి ప్రాణంతో పనిలేదు. కుండీ మట్టిలో కలపడానికైతే మేం కొబ్బరి పొట్టే వాడతాం, కోనసీమ పక్కనే ఉంది కాబట్టి కొదవ లేదు.

శ్రీలత_ఇన్వర్నెస్:
కడియం గారు సరిగ్గా పట్టుకున్నారు! చూడాల్సింది తల భాగం. తడి తగిలాక కొన్ని వారాలకు కొసలు పచ్చబడితే బతికినట్టే. తల చచ్చినా కింది కాండం నుంచి పక్క మొగ్గ వేసి లేవొచ్చు కూడా. కొద్ది రోజుల ఎండకు చాలావరకు తట్టుకుంటాయి. మట్టం ఎంత లోతుకి దిగిందన్నదే కాదు, ఎన్నాళ్లు అక్కడే ఉండిపోయిందన్నది కూడా తేల్చేది.

మాధవ్_ఔలు (ఫిన్లాండ్):
ఆ 'ఎన్నాళ్లు' అనేదానికి మా దేశమే ఉదాహరణ. కలప కోసం కాలువలు తవ్వి ఇక్కడి పీట్ నేలల్లో దాదాపు సగం ఆరబెట్టారు. పైన్ చెట్లు ఎదిగి నీడ కమ్మాక స్ఫాగ్నమ్ తగ్గి, ప్లూరోజియం లాంటి అడవి నాచు పరుచుకుంది. గాలి తగిలిన పీట్ కుళ్లి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకున్న నేల అది. నాకు చూస్తేనే బాధేస్తుంది.

రవి_ఆఫలీ:
క్లారాలోనూ 1980లలో తూర్పు భాగంలో కాలువలు తవ్వారు, తర్వాత అడ్డుకట్టలు వేసి మూశారు. అలా మూస్తే నాచు తిరిగొస్తుందా?

శ్రీలత_ఇన్వర్నెస్:
వస్తుంది, కానీ అన్నీ ఒకేసారి రావు. ఇక్కడ ఫ్లో కంట్రీ అనే పీట్ నేలల ప్రాంతంలో (2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది) 1980లలో నాటిన చెట్లను చాలాచోట్ల కొట్టేసి, చాళ్లు, కాలువలు మూస్తున్నారు. అడ్డుకట్ట వెనక నీళ్లు నిలిచిన చోట ముందుగా దిగేది కస్పిడేటమే. అది నిండాక పాపిల్లోజం లాంటివి వస్తాయి. దిబ్బ కట్టేవాటికి ఇంకా చాలా కాలం పడుతుంది. లోతుగా నీళ్లు నింపేసినా లాభం లేదు, అలలకి నాచు నిలవదు. తల మీద నీటి పొర మందమైతే గాలి అందక పెరుగుదల కూడా మందగిస్తుంది.

మాధవ్_ఔలు:
తడిపితే మీథేన్ పెరుగుతుందని అడిగేవాళ్లుంటారు. నిజమే, పెరుగుతుంది. ఐతే నాచు బోలు కణాల్లో మీథేన్ తినే బాక్టీరియా ఉంటుంది, కొంత అక్కడే ఖర్చయిపోతుంది. దానికి భయపడి నేలను ఎండబెట్టి ఉంచడం నాకైతే సబబుగా అనిపించదు.

రవి_ఆఫలీ:
బాగ్ చూసుకునేవాళ్లని అడిగి, చిల్లుల గొట్టం దించి మట్టం కొలుద్దామనుకుంటున్నా. ఏమైనా జాగ్రత్తలు?

శ్రీలత_ఇన్వర్నెస్:
గొట్టం పైఅంచు నుంచి నీటి దాకా కొలిచి ఊరుకోకండి. నీరు తగ్గితే బాగ్ ఉపరితలం కూడా కుంగుతుంది, వానలకు మళ్లీ లేస్తుంది. అంచు నుంచి నాచు తల దాకా ఎంతో కూడా ప్రతిసారీ రాసుకోండి. నాచుకు అసలు ఎంత దూరంలో నీరుందో ఆ తేడాలోనే తెలుస్తుంది. దిబ్బ పక్కన ఒకటి, గుంటలో ఒకటి పెట్టండి.