‘మతం మారాడు’ అనొచ్చా? క్లోదెల్ వాక్యం ఒకటి, కొన్ని తెలుగు క్రియలు

అందరికీ నమస్కారం. పోల్ క్లోదెల్ (1868–1955) అనే ఫ్రెంచి కవి తన పద్దెనిమిదో ఏట జరిగిన ఒక సంగతి గురించి 1913లో చిన్న వ్యాసం రాశాడు. దాన్ని తెలుగు చేస్తున్నాను. పదిహేను రోజులుగా ఒక్క వాక్యం దగ్గరే ఉన్నాను. నోటుబుక్కులో ఒక పేజీ మొత్తం ఆ వాక్యమే, కొట్టివేతలతో. మీ సాయం కావాలి.

ముందు సందర్భం చెప్తాను. క్లోదెల్ పుట్టింది కథోలిక కుటుంబంలోనే. చిన్నప్పుడు మొదటి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకున్నాడు, అదే తన మతాచారానికి శిఖరమూ ముగింపూ అయిందని తనే రాసుకున్నాడు. పారిస్‌లో చదువుకుంటూ ఆ కాలపు చదువరులందరిలాగే లోకమంతా కారణాలు, ఫలితాల గొలుసు అనీ, దాని ముడులన్నీ సైన్సు రేపో ఎల్లుండో విప్పేస్తుందనీ నమ్మాడు. దేవుడి మాట లేదు. 1886లో రేంబో అనే ఫ్రెంచి కవి కవితలు చదివి కాస్త కదిలాడు. ఆ ఏడు డిసెంబర్ 25న నోత్ర్ దామ్ గుడికి వెళ్లాడు, భక్తితో కాదు. అప్పుడప్పుడే రాయడం మొదలుపెట్టాడు కదా, ఆ పూజల్లో తన రాతకు సరుకేమైనా దొరుకుతుందేమోనని. పొద్దుటి పూజ అంతంతమాత్రంగా అనిపించింది. సాయంత్రం వేరే పనేమీ లేక మళ్లీ వెళ్లాడు. తెల్లని అంగీలు వేసుకున్న పిల్లలు పాడుతున్నారు. అది మరియమ్మ స్తోత్రమని తర్వాత తెలిసింది. లూకా సువార్తలో ‘నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది’ అని వచ్చేది. గుంపులో, ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు.

అక్కడొస్తుంది వాక్యం. ‘ఒక్క క్షణంలో నా హృదయం తాకబడింది, నేను నమ్మాను’ అని మక్కికి మక్కి అర్థం. చివరి రెండు మాటలు ఫ్రెంచిలో ‘జ క్రూ’. అంతే. ఏం నమ్మాడో లేదు, ఎవర్ని నమ్మాడో లేదు.

తెలుగులో ‘నమ్మాను’ అని ఆపేస్తే విన్నవాడు ఊరుకోడు, ‘ఎవర్ని?’ అంటాడు. మన నమ్ము అనే క్రియకు ఒక మనిషో మాటో కావాలి. పైగా వట్టి ‘నమ్మాను’లో ఈ రోజుల్లో మోసపోయిన వాసన ఉంది. ‘నమ్మాను కదరా నిన్ను’ అంటే కథ చెడిందనే అర్థం. ‘నమ్మేశాను’ అంటే మరీ అమాయకత్వం. ‘విశ్వసించాను’ అంటే గుళ్లో నిలబడి విశ్వాస సంగ్రహం అనే ప్రార్థన చెప్తున్నట్టుంటుంది. ఆ కుర్రాడికి ఆ క్షణాన అంత పెద్ద మాట నోట్లో లేదు.

మీరైతే ఏం రాస్తారు?

వ్యాఖ్య: ‘మతం మారాడు’ అని శీర్షికలోనే పెట్టేస్తే పోదా అండీ? పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

జవాబు: పెట్టకూడదనే నా గట్టి నమ్మకం. మొదటి కారణం తేలిక. ఆయన పసితనంలోనే జ్ఞానస్నానం పొందినవాడు, మారడానికి ఇంకో మతం లేదు. రెండో కారణం మన భాషలోనే ఉంది. మతం అంటే మొదట అభిప్రాయం. అభిమతం, సమ్మతి, అనుమతి అన్నీ ఆ తలపు నుంచి పుట్టినవే. పాణిని ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ అని సూత్రం చేశాడు. ‘ఉంది’ అనే మతి గలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అనే మతి గలవాడు నాస్తికుడు. వ్యాఖ్యాతలు అది పరలోకం గురించి అన్నారు. ఆ లెక్కన నాస్తికుడు ఆస్తికుడు కావాలంటే మతి మారాలి. క్లోదెల్ చెప్పింది దానికి ఎదురు! ఆ రాత్రి తన అభిప్రాయాల భవనం చెక్కుచెదరకుండా నిలబడే ఉందనీ, తను మాత్రం దాంట్లోంచి బయటికి వచ్చేశాననీ రాశాడు. కథోలిక మతం ఆ తర్వాత కూడా అర్థంలేని కట్టుకథల మూటలాగే కనిపించిందట, మతగురువులంటే అసహ్యం అలాగే ఉందట. మతి ఒక చోట, మనిషి ఒక చోట. ఆ రెంటినీ కలపడానికి నాలుగేళ్లు పట్టింది. మళ్లీ సత్ప్రసాదం తీసుకున్నది 1890 డిసెంబర్ 25న. ఆ నాలుగేళ్ల పెనుగులాటను ‘మతం మారాడు’ అనే రెండు మాటలు మింగేస్తాయి.

వ్యాఖ్య: ‘నమ్మకం కలిగింది’ అనండి. ‘నాకు’ అనగానే కర్త పక్కకు తప్పుకుంటాడు. ఆకలి, నిద్ర, జ్వరం, కోపం, నమ్మకం, అన్నీ మనకు వచ్చేవే కదా, మనం చేసేవి కావు.

జవాబు: మీ మాట చదివి లేచి నిలబడ్డానండీ. ‘కలిగింది’లోని కలుగు, పోతన గజేంద్రుడి నోట పెట్టిన ‘కలడు’ ఒకే ధాతువు. మొసలి కాలు పట్టింది, బలం అయిపోయింది, అప్పుడు ఏనుగు అంటుంది: దీనుల పక్కన కలడంటారు, యోగుల దగ్గర కలడంటారు, అన్ని దిక్కులా కలడంటారు, ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’. చిన్నప్పుడు బడిలో గొంతెత్తి అప్పజెప్పాం గానీ ఆ ‘ఓ’లో ఎంత భయముందో అప్పుడు తెలియలేదు. ఆ వెంటనే వచ్చే సీసాన్ని ‘కలుగడే’ అని ఎత్తుకుని ‘కలుగువాడు’ అని పాదం ముగిస్తాడు పోతన. అంటే ఉండటం, పుట్టడం, దొరకడం, మూడూ తెలుగులో ఒకే వేరు మీద ఉన్నాయి. ‘నమ్మకం కలిగింది’ అంటే లేనిది ఉన్నదయింది. క్లోదెల్‌కు జరిగింది సరిగ్గా ఇదే.

అయినా ఒక అభ్యంతరం. ఆయన వాక్యంలో రెండు భాగాలు. మొదటిది ఆయనకు జరిగింది, హృదయం తాకబడటం. రెండోది ఆయన చేసింది, ‘నేను నమ్మాను’. రెంటికీ ‘నాకు’ పెడితే ఆ కుర్రాడు కేవలం తడిసినవాడవుతాడు. ఆయన తడిశాడు, ఆపైన అడుగు కూడా వేశాడు. అందుకని రెండో సగంలో ‘నేను’ ఉండి తీరాలి.

వ్యాఖ్య: మా ఇంట్లో ‘మారుమనస్సు’ అంటారు సర్. అది వాడండి.

జవాబు: మంచి మాట, కానీ దాన్లో పశ్చాత్తాపం ముందుంటుంది. ఆ సాయంత్రం ఆయన పాపాల సంగతి తలచుకోలేదు. పైగా అది బైబిలు మాట, ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువగా వినబడుతుంది. నేను రాసేది కథోలిక కవి గురించి. వాళ్ల పలుకుబడి వేరు. దేవుణ్ణి సర్వేశ్వరుడంటారు, పూజను దివ్యబలిపూజ అంటారు, బాప్తిస్మాన్ని జ్ఞానస్నానమంటారు. ఈ తేడా చెవికి పట్టాలనే పోయిన ఆదివారం హైదరాబాద్ గన్‌ఫౌండ్రిలో సెయింట్ జోసెఫ్ కెథీడ్రల్‌కు వెళ్లాను. సాయంత్రం పూజ అయిపోయి బల్లలన్నీ ఖాళీ అవుతున్నాయి. ఒక పెద్దమ్మ మాత్రం చివరి బల్ల మీద కూర్చుని జపమాల తిప్పుతోంది. మాట్లాడొచ్చా అని అడిగితే తల ఊపింది. మాట్లాడినంతసేపూ బొటనవేలు ఒక్క పూస మీదే నొక్కి పట్టుకుంది, లెక్క తప్పకుండా. దేవుడు లేడన్న మనిషి గుడికి వస్తే మీరేమంటారమ్మా అని అడిగాను. ‘మా ఆయన ఇరవై ఏండ్లు గుడి గడప తొక్కలే. పండక్కి కూడా రాలే. ఆఖర్కి మళ్లిండు’ అంది. అంతే, వేలు పక్క పూస మీదికి జరిగింది.

మళ్లిండు! ఈ మాట కోసమే పదిహేను రోజులు తిరిగాను. పొద్దు మళ్లుతుంది, మేతకు పోయిన గొడ్లు ఇంటికి మళ్లుతాయి, మనసు మళ్లుతుంది. రోజూ వాడే ‘మళ్లీ’ దీని నుంచే వచ్చింది. తెలంగాణలో ‘మళ్ల వస్త’ అంటారు చూడండి, వెనక్కి తిరగడం అందులో ఇంకా బతికే ఉంది. ఇలాంటి మార్పుకు ఫ్రెంచి వాళ్లు వాడే ‘కొన్‌వెర్సియొన్’కు లాటిన్ మూలార్థం తిరగడమే. మనకు ఇంత దగ్గరి మాట ఉండగా పరివర్తన, మార్పిడి ఎందుకు?

వ్యాఖ్య: అయితే వ్యాసం పేరు ‘నా మళ్లింపు’ అనా?

జవాబు: వద్దండీ. నామవాచకం చేయగానే పాడైపోయింది. మళ్లింపు అంటే మన ఊళ్లో ట్రాఫిక్ మళ్లింపు, పేపర్లో నిధుల మళ్లింపు. క్రియగానే ఉంచాలి. ‘నేను మళ్లిన రోజు’ అని పెట్టుకున్నాను.

వాక్యం ప్రస్తుతానికి ఇలా: ‘ఒక్క క్షణంలో ఏదో నా గుండెను తాకింది. నమ్మాను.’ మధ్యలో చుక్క పెట్టాను, ఆయన పెట్టకపోయినా. ‘ఎవర్ని?’ అని పాఠకుడు అడుగుతాడని మొదట భయపడ్డాను. ఇప్పుడు అడగాలనే కోరుకుంటున్నాను, ఎందుకంటే క్లోదెల్ కొన్ని వాక్యాల తర్వాత దానికి జవాబు చెప్తాడు. నమ్మేవాళ్లు ఎంత సుఖపడుతున్నారో అనుకుంటాడు, ఒకవేళ నిజమైతే అనుకుంటాడు, నిజమే అంటాడు. దేవుడున్నాడు, ఇక్కడే ఉన్నాడు, ఆయన ‘ఎవరో’, నా అంత వ్యక్తి, నన్ను ప్రేమిస్తున్నాడు, పిలుస్తున్నాడు.

కొత్త చిక్కు ఇక్కడే వచ్చింది. ‘ఎవరో’ అంటే ఫ్రెంచిలో గట్టిగా ‘ఒక మనిషి లాంటి మనిషి’ అని. వట్టి నియమం కాదు, శక్తి కాదు అని. మన ‘ఎవరో’ చివర ‘కలడో లేడో’లోని అదే ‘ఓ’ ఉంది, సందేహపు ‘ఓ’. ‘ఎవరో ఒకరు’ అంటే ఇంకా పలచన. ఆ రాత్రి వాన పడుతున్న వీధుల్లో ఇంటికి నడిచి వెళ్లినవాడికి మిగిలినవన్నీ సందేహాలే, ఈ ఒక్కటి తప్ప. ‘నాలాగే నేను అనగలిగినవాడు’ అని రాసి చూశాను. కాస్త పొడుగైంది. ఇంతకన్నా పొట్టిగా, ‘ఓ’ లేకుండా, చెప్పగలిగినవాళ్లు ఉంటే రాయండి, శనివారం దాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతాను.